విరిగిన పన్నుకు 14,000 పెట్టాలా, 45,000 పెట్టాలా?

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. హన్మకొండలో ప్రైవేటు స్కూల్ టీచర్ని. దవడ పన్ను సగం విరిగింది. ఒక డాక్టరు రూట్ కెనాల్, క్యాప్ కలిపి 14,000 అన్నారు. ఇంకో క్లినిక్‌లో ‘ఎలాగూ పోయే పన్నే, పీకేసి ఇంప్లాంట్ వేద్దాం, 45,000, ఈఎంఐ కూడా ఉంది’ అన్నారు. నా దగ్గర 60,000 ఎఫ్‌డీ ఉంది. రెండుసార్లు ఖర్చెందుకు, ఒకేసారి ఇంప్లాంట్ వేయించుకుంటే పోదా?

జవాబు: రెండోసారి ఖర్చు ఖాయమని మీరు ముందే అనేసుకున్నారు. చిక్కంతా అక్కడే. రూట్ కెనాల్ తర్వాత పన్ను నిలిస్తే 14,000తో సరి. నిలవకపోతే మొత్తం 59,000. ఇలాంటి పళ్లు పదింటిలో ఆరు పాడైనా సగటు ఖర్చు 41,000 దగ్గరే ఆగుతుంది. ఏడు పాడైతే గానీ నేరుగా ఇంప్లాంట్ చవక కాదు. పైగా పీకేసిన పన్ను మళ్లీ రాదు.

అయితే పన్ను వేరు బాగుంటేనే ఈ లెక్క. మొదటి డాక్టరునే అడగండి: వేరు నిలువునా చీలిందా? క్యాప్ పట్టు నిలవడానికి చిగుళ్లపైన చుట్టూ రెండు మిల్లీమీటర్లయినా గట్టి పన్ను మిగిలిందా? వేరు చీలితే ఆ 14,000 నీళ్లపాలే, పీకించేయండి. అనుమానముంటే ఎక్స్‌రే తీసుకెళ్లి, మీకు ఇంప్లాంట్ వేసే పని లేని ఇంకో డాక్టరుకు చూపించండి. ఆ కన్సల్టేషన్ ఫీజు దండగ కాదు. 45,000లో దవడ ఎముకలో బిగించే స్క్రూ ఒక్కటేనా, పైన పెట్టే పన్ను కూడానా అన్నదీ కనుక్కోండి. ఎముక తక్కువుంటే దానికి వేరే బిల్లు పడొచ్చు.

క్యాప్ మాత్రం వాయిదా వేయకండి. నొప్పి పోయింది కదా అని నేను ఏడాది ఊరుకున్నాను. పల్లీ చిక్కీ కొరికితే పన్ను రెండు ముక్కలైంది!

ఇక డబ్బు సంగతి. మామూలు హెల్త్ పాలసీలు ప్రమాదంలో దెబ్బ తగిలితే తప్ప పళ్ల వైద్యానికి ఇవ్వవు, దాని మీద ఆశ పెట్టుకోకండి. ఎఫ్‌డీ కదిలించొద్దు. రూట్ కెనాల్‌కు రెండు మూడు సిట్టింగులు పడతాయి కాబట్టి విడతలుగా జీతంలోంచి కట్టండి. ‘నో కాస్ట్’ ఈఎంఐలోనూ ప్రాసెసింగ్ ఫీజు ఉండొచ్చు, క్యాష్‌కు ఇచ్చే డిస్కౌంటూ పోతుంది. తర్వాత నెలకు 1,500 ఆర్‌డీ మొదలుపెట్టండి. 30 నెలల్లో అసలే 45,000 అవుతుంది. ఆలోపు పన్ను మొండికేసినా మీకు అప్పు పెద్దగా పడదు.