విడాకులు నేనే అడిగాను, మరి ఈ ఏడుపెందుకు?

ప్రశ్న: మేడమ్‌ గారికి నమస్కారం. నా వయసు 34. తాగొచ్చి కొడుతున్నాడని నేనే పట్టుబట్టి విడాకులు తీసుకున్నాను. ఏడాదిన్నర అయింది. పాపతో అమ్మావాళ్లింట్లో ఉంటూ ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేస్తున్నాను. పగలు బాగానే ఉంటాను, రాత్రి పాప పడుకున్నాక ఏడుపు ఆగదు, మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి విజయనగరం వెళ్తే చుట్టాలు ‘ఒక్కదానివే వచ్చావా’ అన్నారు, ఆ మాట ఇంకా బుర్రలో తిరుగుతోంది. తమ్ముడు కౌన్సెలింగ్‌కి తీసుకెళ్తానంటున్నాడు. అమ్మేమో పిచ్చి డాక్టరు దగ్గరికెళ్తే పరువు పోతుంది, రేపు పాప కోసం ఆయన కోర్టుకెక్కితే అదే మన మెడకి చుట్టుకుంటుంది అంటోంది. అసలు అక్కడేం చేస్తారు? మాత్రలు మింగాల్సిందేనా?
- పేరు రాయొద్దు, బొబ్బిలి

జవాబు: అమ్మా, కోరి తెచ్చుకున్న విడాకులైనా ఏడుపొస్తుంది. అందులో వింతేమీ లేదు. 1967లో హోమ్స్, రాహె అనే ఇద్దరు అమెరికా మానసిక వైద్యులు మనిషిని కుదిపేసే సంఘటనల జాబితా వేశారు. జీవిత భాగస్వామి మరణానికి 100 మార్కులు, దాని తర్వాత విడాకులే, 73. జైలుకెళ్లడం కూడా ఆ కిందే. విడాకులు ఎవరు అడిగారన్నది అందులో లెక్కలోకే రాదు. మీరు ఏడుస్తున్నది ఆ మనిషి కోసం కాకపోవచ్చు, పెళ్లినాడు మీరు అనుకున్న సంసారం కోసం కావచ్చు.

థెరపీ అంటే ఓదార్పో, నీతిబోధో కాదు. వారానికోసారి ముప్పావుగంట, గంట కూర్చోబెట్టి అడుగుతారు. చుట్టాలు ఆ మాట అన్న క్షణంలో మీకేమనిపించింది? ‘నేను ఓడిపోయాను’ అనిపించిందా? అనిపిస్తే, అది నిజమనడానికి ఆధారమేంటి, కొట్టించుకుంటూ ఉండిపోతే గెలిచినట్టా? ఇలా ఒక్కో ఆలోచననీ బయటికి లాగి పరీక్షిస్తారు, దీన్ని సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) అంటారు. భార్య, కోడలు అన్న పాత్ర పోయి ఒంటరి తల్లి పాత్ర వచ్చినప్పుడు, పోయినదానికి దుఃఖపడనిచ్చి కొత్తదాంట్లో కాళ్లు కూడదీసుకునేలా చేసే ఐపీటీ (ఇంటర్‌పర్సనల్ సైకోథెరపీ) అని ఇంకొకటుంది, మామూలుగా 12 నుంచి 16 వారాలు. మీకు ఇది నప్పుతుందని నా అభిప్రాయం. దెబ్బలు తిన్న సంగతి మాత్రం మొదటిరోజే చెప్పండి. పీడకలలు, తలుపు చప్పుడైతే ఉలిక్కిపడటం ఉంటే వైద్యం దారి కొంచెం మారుతుంది.

మాత్రలు రాసేది డాక్టరు చదువు చదివిన సైకియాట్రిస్టు, మాటలతో థెరపీ చేసే సైకాలజిస్టు కాదు. అందరికీ అక్కర్లేదు, కానీ మూడింటికే మెలకువ రావడం డిప్రెషన్‌లో తరచూ కనిపించే లక్షణం కాబట్టి ఒకసారి సైకియాట్రిస్టుకి చూపించుకోవడమే మంచిది. విజయనగరం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక విభాగం ఉంది, విశాఖ దాకా పోనక్కర్లేదు. ప్రైవేటులో అయితే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టేనా అని మొహమాటపడకుండా అడగండి, కౌన్సెలర్ అని బోర్డు ఎవరైనా పెట్టేసుకుంటున్నారు. ‘సర్దుకుపోవాల్సిందమ్మా’ అని మొదలుపెడితే లేచి వచ్చేయండి.

ఇక అమ్మగారి భయం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ చికిత్స వివరాలు రహస్యంగా ఉంచాలి, ప్రాణాపాయం, కోర్టు ఆదేశం లాంటి కొద్ది సందర్భాలు తప్ప. కస్టడీ కేసులో కోర్టు చూసేది పాప క్షేమం. కౌన్సెలింగ్‌కి వెళ్లిందన్న ఒక్క కారణానికి తల్లి దగ్గర్నుంచి పిల్లని తీసేయరు. కావాలంటే మీ లాయరుగారి చేతే అమ్మకి చెప్పించండి, మనం చెబితే వినరు కదా.

తమ్ముడికి సెలవు దొరికేదాకా ఆగలేననిపిస్తే 14416కి ఫోన్ చేయండి. టెలీమానస్ అని ప్రభుత్వానిదే, ఉచితం, రాత్రి మూడింటికైనా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు, అప్పటికప్పుడే ఫోన్ చేయండి, ఇంట్లోవాళ్లని లేపండి.