మూడో పేరా దగ్గర ఆగిపోయాను

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. మొదటి రెండు పేరాలు బాగున్నాయి. రోడ్డు మీద బైఠాయింపు, నిలిచిపోయిన బస్సులు, లాఠీఛార్జి, అన్నీ కళ్ళకు కట్టావు. మూడో పేరాకు వచ్చేసరికి ఉన్నట్టుండి ‘ఇది దేశ భద్రతకే ముప్పు’ అనేశావు. బస్సులు ఆగడానికీ దేశానికి ముప్పు రావడానికీ మధ్య చాలా దూరం ఉంది. నువ్వు దాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు.

ఆ దూరం ఎంతో సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. 1965లో బీహార్‌లో సోషలిస్టు నాయకుడు రామ్ మనోహర్ లోహియాను ముందస్తు నిర్బంధంలో, అంటే విచారణ లేకుండా జైల్లో పెట్టారు. అప్పుడు దేశంలో అత్యవసర పరిస్థితి ఉంది, డిఫెన్స్ ఆఫ్ ఇండియా నిబంధనలు అమల్లో ఉన్నాయి. అంత గట్టి చట్టం చేతిలో ఉన్నా ఆ నిర్బంధం కోర్టులో నిలవలేదు. జస్టిస్ హిదయతుల్లా ఒకదానిలో ఒకటి ఉండే మూడు వలయాలను ఊహించుకోమన్నారు. అన్నిటికంటే పెద్దది లా అండ్ ఆర్డర్, అంటే మామూలు గొడవలన్నీ. దాని లోపల పబ్లిక్ ఆర్డర్, అంటే సమాజం మొత్తాన్ని కుదిపే అలజడి, ఇంకా లోపల అన్నిటికంటే చిన్నది రాజ్య భద్రత. బయటి వలయంలో జరిగే ప్రతి గొడవా లోపలి దాన్ని తాకదు. లోహియా విడుదలయ్యారు.

నువ్వు రాసే సంఘటన ఏ వలయంలో ఉందో ముందు తేల్చుకో. రోడ్డు మూసేస్తే అంబులెన్స్ ఇరుక్కుపోయిందనుకో. అది చిన్న విషయమేమీ కాదు, ఘాటుగానే రాయి. పౌరసత్వ చట్టానికి వ్యతిరేకంగా ఢిల్లీలో రోడ్డు మీద నెలల తరబడి సాగిన షాహీన్‌బాగ్ నిరసన కేసులో 2020 అక్టోబర్‌లో కోర్టు నిరసన హక్కును ఒప్పుకుంటూనే, జనం తిరిగే దారిని నిరవధికంగా ఆక్రమించడం కుదరదంది. నీ వాదనకు అది చాలు, దేశద్రోహం దాకా పోనక్కర్లేదు. (ఆ తీర్పు నాకు పూర్తిగా నచ్చలేదులే. అందులో అన్నట్టు కేటాయించిన చోటే నిరసన చెయ్యాలంటే, ఆ చోటు చివరికి ఎవరి కంటా పడని మూలే అవుతుంది.)

పోలీసుల్ని ఒక వాక్యంలో హీరోలన్నావు, నాలుగు వాక్యాలు పోయాక గూండాలన్నావు. రెండూ తీసెయ్. వాటి బదులు, ఎవరు ఏ ఉత్తర్వు ఇచ్చారో కనుక్కో. గుంపులుగా చేరొద్దనే ఉత్తర్వును జనం ఇంకా 144 సెక్షన్ అనే అంటున్నారు గానీ 2024 జూలై నుంచి అది, పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 163వ సెక్షన్. ఆ ఉత్తర్వు మేజిస్ట్రేటు ఇస్తాడు. కమిషనరేట్ ఉన్న నగరాల్లో సాధారణంగా పోలీస్ కమిషనరే ఇస్తాడు. రాష్ట్ర ప్రభుత్వం పొడిగిస్తే తప్ప రెండు నెలలకు మించి చెల్లదు. న్యాయమైన అసమ్మతిని అణచడానికి దాన్ని వాడకూడదని 2020 జనవరిలో, కశ్మీర్‌లో ఇంటర్నెట్ ఆపేయడం మీద వచ్చిన అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఉత్తర్వులో కారణాలు రాశారా, రాస్తే అవి ఆ రోజు పరిస్థితికి సరిపోతాయా? నీ అభిప్రాయం అక్కడ మొదలవ్వాలి. పొద్దున్నుంచీ ఎండలో నిలబడ్డ కానిస్టేబుల్‌ను తిట్టడం తేలిక. అతన్ని అక్కడ నిలబెట్టినవాళ్ళ పేర్లు రాయడమే కష్టం. పోలీసు మీద రాజకీయ ఒత్తిడి తగ్గించాలని 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో కోర్టు ఆదేశాలిచ్చింది. చాలా రాష్ట్రాలు వాటిని ఇప్పటికీ సరిగా అమలు చెయ్యలేదు. అలాగని, కింద పడిపోయినవాడి తల మీద లాఠీ వేస్తే ‘పైవాళ్ళు చెప్పారు’ అనే సాకు ఒప్పుకోకు.

నిరసనకారుల పక్షాన రాసేవాళ్ళు చౌరీచౌరా పేరు తలుచుకోరు. 1922 ఫిబ్రవరిలో అక్కడ జనం పోలీస్ స్టేషన్‌కు నిప్పుపెట్టి 20 మందికి పైగా పోలీసుల్ని చంపారు. అంతకుముందు పోలీసులు కాల్పులు జరిపిన మాట నిజమే. అయినా గాంధీ సహాయ నిరాకరణ ఉద్యమాన్నే ఆపేశారు. ఆ నిర్ణయం తప్పని సొంత పార్టీలోనే చాలామంది అన్నారు. నీకు నచ్చిన నిరసనలో రాయి విసిరినవాడి గురించి ఎంత రాస్తావో చూసుకో. నచ్చని నిరసనలోనైతే అతని గురించి ఎంత రాసేవాడివో పక్కపక్కన పెట్టి పోల్చు.

మన నాయకులు ఇలా ఒకే కొలతను ఏనాడూ పాటించలేదు. తెలంగాణ వచ్చిందే ధర్నాలతో, మిలియన్ మార్చ్‌తో. అదే రాష్ట్రంలో 2017లో హైదరాబాద్ ఇందిరా పార్క్ దగ్గరి ధర్నా చౌక్‌ను మూసేశారు, విషయం హైకోర్టు దాకా పోయింది. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు హక్కు, అధికారంలోకి రాగానే ట్రాఫిక్ సమస్య.

ఇక దేశ భద్రత. అది ఉత్త బూచి అని నేననను. గూఢచర్యం, బాంబులు, సరిహద్దు చొరబాట్లు నిజంగానే ఉన్నాయి. ప్రభుత్వం దగ్గర మనకు చెప్పలేని సమాచారమూ ఉండొచ్చు. అయితే చెప్పలేకపోవడం వేరు, అసలు లేకపోవడం వేరు. మలయాళ చానల్ మీడియావన్ ప్రసారాలకు భద్రతా కారణాలు చెప్పి అనుమతి ఆపేస్తే, 2023లో సుప్రీంకోర్టు అలా ఊరికే భద్రత పేరు ఎత్తితే చాలదని తేల్చింది. యూఏపీఏ (చట్టవ్యతిరేక, ఉగ్రవాద కార్యకలాపాలను అడ్డుకునే చట్టం) కింద కేసు పెట్టారనగానే నేరం రుజువైపోయినట్టు రాయకు. ఆరోపణ ప్రాథమికంగా నిజమనిపిస్తే బెయిల్ ఇవ్వకూడదనే నిబంధన ఆ చట్టంలో 2008లో చేర్చారు. మనిషి ఏళ్ళ తరబడి జైల్లో ఉండటానికి అది చాలు, విచారణే మొదలుకాకపోవచ్చు. నీ వ్యాసంలో ‘మూడేళ్ళుగా జైల్లో ఉన్నాడంటే ఏదో ఉండే ఉంటుంది’ అన్న వాక్యం ఉంది చూడు, దాన్ని ఈ రాత్రే కొట్టెయ్.

ఆదివారంలోగా పంపాలన్నావు కదా. మొదటి రెండు పేరాల జోలికి పోకు. ఉత్తర్వు కాపీ కోసం కమిషనర్ ఆఫీసులో అడుగు. ఇవ్వం అంటే, ఇవ్వలేదనే రాయి. దొరికితే నాకూ ఒక ఫొటో పంపు, మూడో పేరా ఎలా మార్చాలో కలిసి చూద్దాం.

ఉంటాను,
అన్నయ్య