పంపు షాపు జవాబులు: స్క్రూ తిప్పితే పవర్ వస్తుందా?

ప్రశ్న: అన్నా, మాది బంగారుపాళ్యం దగ్గర పల్లె. మూడు సిలిండర్ల ట్రాక్టర్ ఉంది. ఇంజన్‌కు డీజిల్ తోసే ఇన్‌లైన్ పంపు అరిగిపోయిందంటే బెంగళూరులో పాత సామాన్ల బజారులో అచ్చం అలాంటిదే తెచ్చి వేయించాను. సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు పాతవే. పొద్దున ఒక్క సెల్ఫ్‌కే స్టార్టవుతోంది. కానీ బెంగళూరా మామిడికాయల ట్రాలీ తగిలిస్తే, చెరువుకట్ట ఎక్కేసరికి నల్లటి పొగ. లాగదు. డీజిల్ కూడా ఎక్కువ తాగుతోంది. పంపు వెనక స్క్రూ కొంచెం తిప్పితే పవర్ వస్తుందని మెకానిక్ అంటున్నాడు. తిప్పించమంటారా?
– ఒక మామిడి రైతు

జవాబు: వద్దు తమ్ముడూ. నల్లటి పొగ అంటేనే లోపలికి పోయిన డీజిల్‌కు గాలి చాలక సగం కాలి బయటికొస్తోందని. ఆ స్క్రూ తిప్పితే ఇంకా ఎక్కువ డీజిల్ పోతుంది. నాలుగు రోజులు లాగినట్టే ఉంటుంది. తర్వాత పిస్టన్ వేడెక్కుతుంది, కాలని డీజిల్ సిలిండర్ గోడల మీద ఆయిల్‌ను కడిగేసి కిందికి దిగి ఇంజన్ ఆయిల్‌ను పలచన చేస్తుంది. కంపెనీవాడు ఆ స్క్రూకి సీలు ఊరికే వెయ్యలేదు.

ముందు పైసా ఖర్చు లేని పని చెయ్యి. ఎయిర్ క్లీనర్ విప్పు. కాయల సీజన్‌లో తోటల్లో లేచే ఎర్రదుమ్ముకు దుమ్ము పట్టే ఆయిల్ గిన్నె (ఆయిల్ బాత్) అడుగున బురద పేరుకుపోతుంది. అది కడిగి, గుర్తు వరకే ఆయిల్ పోసి, మళ్లీ కట్ట ఎక్కించి చూడు. రేణిగుంట రోడ్డులోని మా షాపుకు పంపు పోయిందని వచ్చిన బండ్లలో కొన్ని ఇక్కడే బాగైపోయి వెళ్లాయి. నాకు కూలి దక్కలేదు, అది వేరే సంగతి.

పొగ తగ్గకపోతే ఆ పంపు పక్కన రేకు మీద ఉన్న నంబరు చూడు. పాతదాని నంబరుతో అక్షరం అక్షరం కలవాలి. బాడీ ఒకటే కదా అంటే కుదరదు. లోపల డీజిల్ తోసే ఎలిమెంట్ల సైజు వేరే ఉండొచ్చు, స్పీడును అదుపు చేసే గవర్నర్ స్ప్రింగులు వేరే ఉండొచ్చు. గాలిని ఎక్కువగా నెట్టే టర్బో ఉన్న ఇంజన్ నుంచి విప్పిన పంపు టర్బో లేని ఇంజన్‌కు వేస్తే నువ్వు చెప్పిన పొగే వస్తుంది: ఆ గాలికి తగ్గట్టు డీజిల్ తోస్తుంది, నీ ఇంజన్‌లో ఆ గాలి ఉండదు. జనరేటర్ సెట్టు పంపు అయితే ఇంకో తంటా. దాని గవర్నర్ 1500 ఆర్‌పీఎం దగ్గర నిలబడేలా కట్టింది, పొలంలో ఎక్కువా తక్కువా తిరిగే ట్రాక్టర్‌కు పనికిరాదు. నంబరు కలిసినా సరే, పాత పంపును టెస్ట్ బెంచ్ ఎక్కించకుండా వెయ్యకూడదు. బెంచ్ మీద మూడు లైన్లూ మూడు గాజు గొట్టాల్లో ఎంతెంత పోస్తున్నాయో కంటితో చూడొచ్చు. ఒక లైన్ ఎక్కువ, ఒకటి తక్కువ పోస్తుంటే వెనక స్క్రూ తిప్పి ఏం లాభం? మూడూ కలిసే పెరుగుతాయి.

అసలు నాకు అనుమానం నాజిళ్ల మీద. పంపు మార్చి నాజిళ్లు పాతవి ఉంచడం నాకు బొత్తిగా నచ్చని పని. మూడూ విప్పి చేతి పంపు టెస్టర్‌కు బిగించి చూపించమను. ఈ రకం డీఐ (డీజిల్ నేరుగా సిలిండర్‌లో పడే) ఇంజన్లకు మామూలుగా 200 కేజీల అటూ ఇటూ ప్రెషర్‌లో తెరుచుకోవాలి, నీ బండి లెక్క మాన్యువల్‌లో ఉంటుంది. తెరుచుకున్నప్పుడు ప్రతి రంధ్రం నుంచి పొగమంచులా రావాలి, ధార రాకూడదు. మీట నొక్కుతుంటే కరకరమని శబ్దం రావాలి. ఆపాక మొన తుడిచి చూస్తే చుక్క వేలాడకూడదు. చుక్క కారుతోందంటే పొగకు కారణం దొరికినట్టే. స్ప్రింగ్ నీరసించి ప్రెషర్ తగ్గితే షిమ్ (పలచటి బిళ్ల) వేసి పెంచుతారు, మూడూ సమానంగా ఉండాలి. చూసేటప్పుడు చెయ్యి మాత్రం అడ్డం పెట్టొద్దు. ఆ ధార చర్మం లోపలికి దిగిపోతుంది. బయటికి చీమ కుట్టినంతే కనిపించినా నేరుగా ఆసుపత్రికి పోవాల్సిందే, లేకపోతే వేలు పోతుంది.

నాజిల్ తిరిగి పెట్టేటప్పుడు గుంటలోకి టార్చ్ వేసి చూడండి. పాత రాగి వాషర్ మసి పట్టి అడుగునే అతుక్కుని ఉంటుంది. దాని మీద కొత్తది వేస్తే నాజిల్ పైకి లేస్తుంది, డీజిల్ పిస్టన్ గుంటలో పడాల్సిన చోట పడదు. కొత్త నాజిళ్లు వేసినా పొగ పోలేదని వచ్చే బండ్లలో ముందు నేను వెతికేది ఈ రెండో వాషర్‌నే.

టైమింగ్, అంటే డీజిల్ పడే వేళ కట్టడం, చివర్లో. ముందే కట్టి తర్వాత నాజిల్ ప్రెషర్ మారిస్తే, డీజిల్ పడే వేళ మారిపోతుంది. ఒకటో సిలిండర్‌ను కంప్రెషన్‌లోకి తెచ్చి, పంపు మీద ఆ లైన్ హోల్డర్ విప్పి, దాని కింది డెలివరీ వాల్వ్, స్ప్రింగ్ తీసి, హోల్డర్ మళ్లీ బిగించి, వంపు పైపు పెట్టాలి. స్టాప్ మీట రన్‌లో ఉండాలి. డీజిల్ దానంతట అది కారుతుంటుంది. ఇంజన్ తిరిగే వైపే ఫ్లైవీల్‌ను మెల్లగా తిప్పు. ధార చుక్కలవుతుంది, చుక్కలు ఆగుతాయి. ఆగిన క్షణంలో ఫ్లైవీల్ గుర్తు ఎక్కడుందో చూడు. దాటిపోతే కొంచెం వెనక్కి తిప్పి సరిపెట్టొద్దు, గేర్ల సందు మోసం చేస్తుంది. బాగా వెనక్కి పోయి మళ్లీ రా. పంపు ఇంజన్ స్పీడులో సగమే తిరుగుతుంది కాబట్టి పంపును ఒక డిగ్రీ జరిపితే క్రాంక్ దగ్గర రెండు డిగ్రీలు. ముందుకు పోతే ఇంజన్ టకటకా కొడుతుంది, వెనక పడితే తెల్లపొగ, వేడి. పని అయ్యాక ఆ హోల్డర్‌ను టార్క్ రెంచ్‌తోనే బిగించమను. బలం కొద్దీ బిగిస్తే లోపల బ్యారెల్ నొక్కుకుని, డీజిల్‌ను పెంచి తగ్గించే ర్యాక్ పట్టేస్తుంది, ఇంజన్ ఆపినా ఆగదు.

ప్రశ్న: తిరుమల ఘాట్ మీద నాది కామన్ రైల్ (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే ప్రెషర్ గొట్టం నుంచి డీజిల్ పోయే) వ్యాన్. ఎక్కేటప్పుడు లైటు వెలిగి పవర్ పడిపోతోంది. ఫ్రెండ్ బండిలోని ఇంజెక్టర్ వేసుకోవచ్చా?
– తిరుపతి డ్రైవర్

జవాబు: ఏ ఇంజెక్టర్ పోయిందో తేల్చుకున్నావా బ్రదర్? డీజిల్ ఫిల్టర్ మార్చి, నాలుగింటి రిటర్న్ పైపులకూ నాలుగు సీసాలు తగిలించి ఇంజన్ నడిపించు. ఏ సీసా ముందు నిండుతుందో ఆ ఇంజెక్టర్ లోపలే డీజిల్ వదిలేస్తోంది. అందుకే లోడు మీద రైల్ ప్రెషర్ నిలవట్లేదు. వేరే బండిది వేస్తే చాలా మోడళ్లలో దాని నెత్తి మీదున్న కోడ్‌ను స్కానర్‌తో ఇంజన్ కంప్యూటర్ (ఈసీయూ)కి ఎక్కించాలి. ఎక్కించకపోతే డీజిల్ లెక్క తప్పి ఇంజన్ అదురుతుంది. పాత బండ్లలోలాగా ఇంజన్ నడుస్తుండగా పైపు నట్టు వదులు చేసి చూడకు. అక్కడ ఉండేది వెయ్యి కేజీల పైమాటే.

ప్రశ్న: డీజిల్‌లో కిరోసిన్ కలిపితే పంపు క్లీన్ అవుతుందంటారు, నిజమేనా?
– పాకాల

జవాబు: కాదు. ఎలిమెంట్ సందు రెండు మూడు మైక్రాన్లే, అక్కడ రాపిడిని ఆపేది డీజిల్ జిడ్డే. కిరోసిన్‌లో ఆ జిడ్డు తక్కువ. ఫిల్టర్ వేళకు మార్చి, అడుగున చేరిన నీళ్లు వదిలేస్తుంటే చాలు.