లేజర్ ఖర్చును సీసాల్లో కొలిచి చూడండి

ప్రశ్న: నా వయసు 52. రెండు కళ్లలోనూ గ్లాకోమా ఉందని మూడేళ్ల క్రితం తేలింది. రోజూ రెండు రకాల చుక్కల మందు వేసుకుంటున్నాను. నెలకు రెండు సీసాలు కావాలి, రెండింటి ధరా దాదాపు ఒకటే. రాత్రిపూట వేసుకునే మందు ఒక్కోసారి నెల తిరగకముందే అయిపోతుంది. అప్పుడు జీతం వచ్చేదాకా నాలుగైదు రోజులు వేసుకోను. కంటి ఒత్తిడి తగ్గడానికి లేజర్ చేయించుకోమని డాక్టర్ గారు ఈమధ్య సలహా ఇచ్చారు. రెండు కళ్లకూ కలిపి సుమారు 30 సీసాల ధరంత ఖర్చవుతుంది. ఆరు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా అత్యవసర నిధి ఉంది. ఇంకో ఏడు నెలల్లో ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్ గడువు తీరుతుంది. లేజర్‌తో చుక్కల ఖర్చు జీవితాంతం తప్పేటట్లయితే, డిపాజిట్‌ను ఇప్పుడే రద్దు చేద్దామని ఆలోచన. ఇది లాభమేనా?

జవాబు: మీ ఉత్తరం చదువుతూ నేను ఆగిపోయింది డిపాజిట్ దగ్గర కాదు, ‘నాలుగైదు రోజులు వేసుకోను’ అన్న చోట. ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు మీ లెక్కలో ‘జీవితాంతం’ అన్న మాటను కొట్టేయాలి. అది ఉన్నంతసేపూ ఏ లెక్క వేసినా లేజర్ చవకగానే కనిపిస్తుంది.

కంట్లో ఒక పల్చని ద్రవం నిరంతరం ఊరుతూ, జల్లెడలాంటి కణజాలం గుండా బయటికి పోతుంటుంది. ఆ దారిలో ద్రవం సాఫీగా పోకపోతే లోపల ఒత్తిడి పెరిగి దృష్టి నాడి దెబ్బతింటుంది. మీకు సూచించింది బహుశా ఎస్‌ఎల్‌టీ, అంటే సెలెక్టివ్ లేజర్ ట్రాబెక్యులోప్లాస్టీ. 532 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతిని, ఒక్కోటీ 3 నానోసెకన్లు మాత్రమే ఉండే మెరుపులుగా ఆ జల్లెడ మీద వేస్తారు. రంగు పదార్థం ఉన్న కణాలే ఆ కాంతిని పీల్చుకుంటాయి, చుట్టుపక్కల కణజాలం కాలదు. అంతకుముందు వాడిన ఆర్గాన్ లేజర్ ఆ జల్లెడను కాల్చి మచ్చలు మిగిల్చేది. అందుకే దాన్ని మళ్లీ మళ్లీ చేయడానికి వైద్యులు వెనకాడేవారు. ఎస్‌ఎల్‌టీని రెండోసారి చేయవచ్చు. డబ్బు లెక్కలో ఈ తేడా చాలా పెద్దది, కాస్త తర్వాత మళ్లీ దీని దగ్గరకే వస్తాం.

కన్ను మొద్దుబారడానికి చుక్కలు వేసి, కొద్ది నిమిషాల్లో పని ముగిస్తారు. అదే రోజు ఇంటికి పంపేస్తారు. పనిచేసిన కంట్లో ఒత్తిడి సాధారణంగా 20 నుంచి 30 శాతం దాకా తగ్గుతుంది. ఆ ఫలితం పూర్తిగా తెలియడానికి నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అది కొన్నేళ్లు నిలిచి, క్రమంగా సన్నగిల్లవచ్చు. గ్లాకోమా నయమైపోదు, పోయిన చూపు తిరిగి రాదు. కాబట్టి ఈ ఖర్చును ఇల్లు కొన్నట్టు చూడకండి. కొన్నేళ్ల అద్దె ముందే కట్టేసినట్టు చూడండి.

ఆ కొన్నేళ్లు ఎన్ని? బ్రిటన్‌లో 718 మంది మీద జరిగిన ‘లైట్’ అనే అధ్యయనం ఫలితాలు 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. మొదట లేజర్ చేయించుకున్నవారిలో 74 శాతం మందికి మూడేళ్ల తర్వాత కూడా చుక్కల అవసరం లేకుండానే ఒత్తిడి అదుపులో ఉంది. ఆరేళ్లకు చూస్తే, లేజర్ బృందంలో దాదాపు 70 శాతం కళ్లు చుక్కలూ శస్త్రచికిత్సా లేకుండా నెట్టుకొచ్చాయి. వాటిలో కొన్నింటికి లేజర్ రెండోసారి చేశారు. ఇలాంటి ఆధారాలు చూసే అక్కడ వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2022లో వాటిని మార్చి, కొత్తగా గ్లాకోమా తేలినవారికి మొదటి చికిత్సగా ఎస్‌ఎల్‌టీనే సూచించమంది.

ఈ అంకెలు చూసి మీ డిపాజిట్ వైపు చెయ్యి చాచకండి. ఆ అధ్యయనంలో ఉన్నవారు అప్పుడే వ్యాధి బయటపడి, ఇంకా ఏ మందూ మొదలుపెట్టనివారు. మీరు మూడేళ్లుగా రెండు మందుల మీద ఉన్నారు. మందులతో ఇప్పటికే కొంత దిగిన ఒత్తిడి మీద లేజర్ అదనంగా దించగలిగేది తక్కువ ఉండవచ్చు. మీ విషయంలో రెండు సీసాలూ ఆగిపోవడం అదృష్టం, ఒకటి ఆగడం మంచి ఫలితం. ఏదీ ఆగకుండా ఒత్తిడి మాత్రం తగ్గినా, కంటి పరంగా అది విజయమే. జేబుకు మాత్రం దానివల్ల ఒరిగేదేమీ ఉండదు.

ఇప్పుడు సీసాల్లో కొలుద్దాం. డబ్బుల్లో లెక్కపెడితే ఏడాది తిరిగేసరికి ధరలు మారి లెక్క పాతబడుతుంది, సీసాల్లో అయితే అంత తొందరగా పాతబడదు. లేజర్ ఖరీదు 30 సీసాలు. నెలకు రెండు సీసాలూ తప్పితే 15 నెలల్లో ఖర్చు తిరిగివస్తుంది. ఒక్కటే తప్పితే 30 నెలలు, అంటే రెండున్నరేళ్లు పడుతుంది. దీనికి లేజర్ తర్వాత ఒకటి రెండు సార్లు అదనంగా చూపించుకునే ఖర్చు కలపండి. మొదటి రెండు నెలలు ఏ మందూ ఆపరు కాబట్టి ఆ రెండు నెలలూ కలపండి. ఒక్క సీసా మాత్రమే తప్పే పక్షంలో, ఫలితం మూడేళ్లయినా నిలిస్తేనే పైసా లాభం కనిపిస్తుంది. కేవలం డబ్బు మిగలడం కోసమే అయితే ఈ బేరం అంత ఊరించేది కాదని నా అభిప్రాయం.

అయినా చేయించుకోమనే అంటాను. కారణం ఆ నాలుగైదు రోజులే.

చుక్కల మందు చవక, కానీ రోజూ కంట్లో పడితేనే. ఏడాదిలో యాభై రోజులు మానేసినవాడు ఆ యాభై రోజుల ఖర్చు మిగుల్చుకున్నాననుకుంటాడు. ఆ రోజుల్లో మందు ప్రభావం తగ్గి ఒత్తిడి మళ్లీ పెరుగుతుంది, నాడి నెమ్మదిగా నలుగుతుంది, నొప్పి తెలియదు, బిల్లు రాదు. మా నాన్నగారూ ఇంతే. నెలాఖరులో ఖాళీ సీసాను అలమరలో పెట్టి, అడిగితే ‘ఇంకా ఉందిరా’ అనేవారు. ఎక్సెల్ పట్టికలో ఈ నష్టం రాయడానికి గడి ఉండదు. మీకు 52 ఏళ్లు. ఉద్యోగంలో ఉన్నారు కాబట్టి ఇంకో ఎనిమిది పదేళ్లు సంపాదించే అవకాశం ఉంది. మీకున్న ఆస్తుల్లో అన్నిటికంటే పెద్దది ఆ మిగిలిన సంపాదన, అది నిలబడింది మీ చూపు మీద. లేజర్ దించిన ఒత్తిడి మీ జ్ఞాపకం మీద, జీతం తారీఖు మీద ఆధారపడదు. మీరు 30 సీసాల ధర పెట్టి కొంటున్నది దీన్ని. సీసాలు తప్పితే అది పైన వచ్చే కొసరు.

అన్నట్టు, నెల తిరగకముందే సీసా ఎందుకు అయిపోతోంది? రాత్రిపూట ఒకసారి వేసే మందు సాధారణంగా 2.5 మిల్లీలీటర్ల సీసాలో వస్తుంది. అందులో సుమారు 80 చుక్కలుంటాయి. కంటికి ఒకటి చొప్పున రాత్రికి రెండు చుక్కలంటే నెల దాటాలి. మీకు దాటడం లేదంటే కొంత మందు మీ చెంపలు తాగుతున్నాయన్నమాట. ఈసారి వెళ్లినప్పుడు డాక్టర్ ముందు ఒకసారి వేసి చూపించండి, చెయ్యి ఎక్కడ తప్పుతోందో చెబుతారు. ఇది పైసా ఖర్చు లేని సలహా. లేజర్ చేయించుకునేదాకా ప్రతి రాత్రీ పనికొస్తుంది.

ఇక డబ్బు ఏ జేబులోంచి తీయాలి? అత్యవసర నిధిని ముట్టవద్దు. అది ముందుగా తెలియని ఖర్చుకోసం దాచింది, ఇది తారీఖు వేసుకుని వెళ్లే ఖర్చు. డిపాజిట్ విషయంలో బ్యాంకును అడగాల్సింది ఒక్కటే: ఇప్పుడు రద్దు చేస్తే వడ్డీలో కోత, జరిమానా కలిపి ఎంత పోతుంది? దాన్ని కూడా సీసాల్లోకి మార్చండి. ఏడు నెలలు ఆగితే, లేజర్‌తో ఒక సీసా తప్పే పక్షంలో, మీరు అదనంగా కొనేది మహా అయితే ఐదారు సీసాలు. రద్దు వల్ల పోయేది అంతకంటే తక్కువైతే రద్దు చేయండి, ఎక్కువైతే ఆగండి. కానీ ఆగడం అనేది మీరూ నేనూ తేల్చే విషయం కాదు. ‘మందులు ఒక్కరోజూ మానకుండా వేసుకుంటే నా ఒత్తిడి ఏడు నెలలు ఆగగలిగే స్థాయిలో ఉందా?’ అని డాక్టర్‌ను సూటిగా అడగండి. మధ్యమధ్యలో మానేస్తున్న సంగతి కూడా దాచకుండా చెప్పండి. అది తెలియకపోతే ఆయన మందు పనిచేయడం లేదనుకుని మూడో సీసా రాయవచ్చు. ఆగకూడదని ఆయన అంటే నా డిపాజిట్ లెక్కంతా పక్కన పడేసి, ఆ వారంలోనే రద్దు చేయండి.

క్రెడిట్ కార్డు వాయిదాలు వద్దు. ‘వడ్డీ లేని వాయిదాలు’ అన్నచోట ప్రాసెసింగ్ రుసుము ఎంతో చూడండి, చాలాసార్లు వడ్డీ వేషం మార్చుకుని అక్కడ కూర్చుంటుంది.

ముందు ఒక కన్ను, తర్వాత రెండోది చేయించుకుని ఖర్చును రెండుగా విడగొట్టవచ్చా అనే ఆలోచన మీకు రావచ్చు. కొందరు వైద్యులు ఎలాగూ విడివిడిగానే చేస్తారు. ఫలితం చూసి రెండో కంటికి వెళ్లవచ్చు కాబట్టి నాకూ ఆ పద్ధతి నచ్చుతుంది. ఒక్క చిక్కు ఉంది. రెండో కంటికి చుక్కలు వేస్తున్నంతకాలం సీసా కొనాల్సిందే. తెరిచిన సీసాను నాలుగు నుంచి ఆరు వారాల్లో పారేయాలి కాబట్టి సగం మందు మిగిలినా దాచుకోలేరు. ఒక కంటికి చేయిస్తే సగం సీసా మిగులుతుందనుకోకండి. రెండు కళ్లూ పూర్తయి, డాక్టర్ ఒక మందు ఆపమన్న రోజు నుంచే పొదుపు మొదలవుతుంది.

బీమా ఉంటే మూడు విషయాలు కంపెనీ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి. రాత్రి ఆసుపత్రిలో ఉండని చికిత్సకు డబ్బు ఇస్తారా, పాలసీకి ముందే ఉన్న వ్యాధిగా గ్లాకోమాను లెక్కించి తోసిపుచ్చుతారా, రెండు కళ్లను ఒక క్లెయిముగా చూస్తారా రెండుగానా. ఆసుపత్రి ఇచ్చిన చీటీలో చికిత్స పేరు కూడా సరిచూసుకోండి. ద్రవం బయటికి పోయే కోణం మూసుకుపోయే రకం గ్లాకోమాకు ఇరిడాటమీ అనే వేరే లేజర్ చేస్తారు. మీది అదైతే నేను పైన వేసిన లెక్కలు మీకు వర్తించవు.

అంతా సవ్యంగా జరిగి ఒక సీసా తప్పిందనుకుందాం. ఆ సీసా ధరను నెలనెలా వేరే ఖాతాలోకి మళ్లించండి, ఇంటి ఖర్చుల్లో కలవనీయవద్దు. 30 నెలలకు అక్కడ ఒక లేజర్‌కు సరిపడా డబ్బు పోగవుతుంది. రెండోసారి చేయాల్సి వస్తే అప్పుడు డిపాజిట్ గురించి నాకు ఉత్తరం రాయక్కర్లేదు. ఒత్తిడి కొలిపించుకోవడం, దృష్టి క్షేత్ర పరీక్ష, నాడి స్కాన్ మాత్రం బడ్జెట్‌లోంచి తీయకండి. లేజర్ ప్రభావం తగ్గుతున్నప్పుడు కంటికి తెలియదు, ఆ పరీక్షల్లోనే తెలుస్తుంది.

మీ తోబుట్టువులకూ పిల్లలకూ ఈ సంగతి చెప్పారో లేదో రాయలేదు. దగ్గరి రక్తసంబంధీకులకు గ్లాకోమా వచ్చే అవకాశం మిగతావారికంటే ఎక్కువ. వాళ్ల ఖర్చు ప్రస్తుతానికి ఒక కంటి పరీక్ష, అంతే.