ఇథియోపియా కొండసీమలో రైతుకు ఎద్దులే ఆస్తి

ఇథియోపియా ఎత్తయిన ప్రాంతాల్లో వ్యవసాయం, పల్లె జీవితం ఎలా ఉంటాయని అడిగారు. నేను అడిస్ అబాబాకు ఈశాన్యంగా ఉన్న దెబ్రె బెర్హాన్‌లో అధ్యాపకుడిగా పనిచేశాను కాబట్టి ఆ చుట్టుపక్కల పల్లెల గురించే చెబుతాను.

ఆ ఊరు సముద్రమట్టానికి దాదాపు 2,800 మీటర్ల ఎత్తున ఉంది. ఏడాది పొడవునా చలే. పొలాల్లో ఎక్కువగా బార్లీ, గోధుమ వేస్తారు. ఇంజెరా రొట్టెకు వాడే తెఫ్ అనే సన్నగింజ ఇంకాస్త దిగువన పండుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పెద్ద వానలు. అవి పోయాక, కంకి పాలుపోసుకునే వేళ రాత్రిపూట మంచు గడ్డకట్టిందంటే పంట పోయినట్లే.

1975 నుంచి అక్కడ భూమి ప్రభుత్వానిదే. రైతుకు సాగు హక్కు ఉంటుంది కానీ అమ్ముకునే హక్కు లేదు. అందుకే ఎవరి స్థితి ఎలాంటిదో తెలియాలంటే ఎన్ని ఎకరాలని కాదు, ఎన్ని ఎద్దులని అడగాలి. వారి కొయ్యనాగలి మట్టిని చీలుస్తుందే తప్ప తిరగెయ్యదు. కాబట్టి నిలువుగా, అడ్డంగా మళ్లీ మళ్లీ దున్నాలి. ఒక్క ఎద్దే ఉన్నవారు ఇద్దరు కలిసి కాడి కడతారు, వంతులవారీగా ఇద్దరి పొలాలూ దున్నుకుంటారు. అసలు ఎద్దే లేని ఇల్లు పొలాన్ని పాలుకు ఇవ్వాల్సిందే. ఆడవాళ్లు నాగలి పట్టే ఆచారం లేదు కనుక భర్త పోయిన స్త్రీలకు ఎక్కువగా ఇదే గతి. కలుపు తీసేదీ వాళ్లే, కోతకు వంగేదీ వాళ్లే. అయినా నాగలి లేనందుకు పంటలో సగం దాకా వదులుకోవడం నాకు ఎన్నటికీ మింగుడుపడలేదు.

వీలైతే డిసెంబరులో ఏదైనా కళ్లం దగ్గరికి వెళ్లండి. నేలను పేడతో అలికి, బార్లీ పనలు పరిచి, ఎద్దులను బంతి కట్టి తిప్పుతారు. గాలి లేచే వేళ చూసి కొయ్యపారతో తూర్పారబడతారు. పొట్టు ఎగిరి పక్కన కుప్పపడుతుంది, గడ్డి పశువులకు వామి వేస్తారు. పేడ మాత్రం పొలానికి చేరేది తక్కువ, పిడకలై పొయ్యిలోకి పోతుంది. యూకలిప్టస్ తోపులున్నా వంటచెరకుకు కటకటే. నేల సారం కోల్పోవడానికి ఇదీ ఒక కారణం.

ఎవరింటికి వెళ్లినా మీ కళ్లముందే పచ్చి కాఫీ గింజలు వేయించి, దంచి, కాచి మూడు దఫాలు పోస్తారు. మొదటి కప్పుతోనే లేచిపోకండి, నొచ్చుకుంటారు. మీరు శాకాహారులైతే బుధ, శుక్రవారాలు సుఖం: ఆర్థడాక్స్ క్రైస్తవులకు అవి ఉపవాస దినాలు, మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. శనగ లేదా బఠానీ పిండితో చేసే షిరో అనే కూర ఏ చిన్న హోటల్లోనైనా దొరుకుతుంది.