డబ్బాలో కీచురాళ్లు ఎందుకు చనిపోతున్నాయి?

ప్రశ్న: మా అబ్బాయి బెంగళూరులో చదువుకుంటూ రెండు టారంటులా సాలీళ్లను పెంచుతున్నాడు. మెక్సికో దేశపు ఎర్రమోకాళ్ల రకమట. సెలవులకు వాటిని ఇంటికి తెచ్చాడు. మేతకు కొన్న నల్ల కీచురాళ్లను మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి, గిన్నెతో నీళ్లు పెట్టి రేకుల షెడ్డులో ఉంచితే పది రోజుల్లో సగం చనిపోయాయి. తవుడులో పెంచుతున్న మీల్‌వార్మ్ పురుగుల మధ్య సన్నటి ఎర్ర పెంకు పురుగులు కనబడుతున్నాయి. వీటికి బదులు పత్తి చేలో మిడతలను పట్టి వేయవచ్చా? నల్లమలలో ఉండే నీలి సాలీడును కూడా తెచ్చి పెంచవచ్చా?
– ఒక రైతు, నంద్యాల జిల్లా

జవాబు: మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే కీచురాళ్లకు సోకింది జబ్బు కాకపోవచ్చు. మూత, నీళ్ల గిన్నె, రేకుల షెడ్డు అనే మూడు కారణాలూ కలిసి వాటిని చంపుతున్నాయి. కీచురాయికి వెచ్చదనం కావాలి గానీ చెమ్మ పనికిరాదు. గాలి ఆడని డబ్బాలో రెట్ట, తినగా మిగిలిన ఆకుకూర, చచ్చిన పురుగులు చెమ్మకు కుళ్లి అమ్మోనియా ఘాటు పుడుతుంది. మూత తీయగానే ముక్కుకు వాసన తగిలితే అప్పటికే ఆలస్యమైందని అర్థం. కీచురాళ్ల చిన్న పిల్లలు నీళ్ల గిన్నెలో పడి మునిగిపోతాయి. ఇక వేసవిలో మన నంద్యాల రేకుల కింద ఉండే వేడిని మనుషులే భరించలేరు. 28 నుంచి 32 డిగ్రీల వేడి ఉండే నీడపట్టు గది వీటికి సరిపోతుంది.

కొన్నవి నల్ల కీచురాళ్లు కావడం ఒక విధంగా మేలే. రెక్కల మొదట్లో రెండు లేత పసుపు మచ్చలు ఉంటే అవి మన ప్రాంతంలోనూ సహజంగా ఉండే రకం. ఐరోపా, అమెరికాల్లో మేత కోసం పెంచే గోధుమరంగు ఇంటి కీచురాయిని డెన్సోవైరస్ అనే వైరస్ పట్టి ఫారాలకు ఫారాలే ఖాళీ అయ్యాయి. నల్ల రకం ఆ వైరస్‌కు అంతగా లొంగదు. అయితే ఇరుకైన చోట ఇవి ఒకదాన్నొకటి తినేస్తాయి. ముఖ్యంగా అప్పుడే కుబుసం విడిచి మెత్తగా ఉన్నవి ముందు బలవుతాయి కనుక మీ డబ్బాలో చనిపోయిన వాటిలో కొన్ని ఈ కారణంగా పోయినవే కావచ్చు.

యాభై లీటర్ల ప్లాస్టిక్ డబ్బా తీసుకొని మూతలో సగభాగం కోసి అక్కడ సన్నటి స్టీలు జాలి బిగించండి. నైలాన్ దోమతెరను ఇవి కొరికి బయటపడతాయి. అడుగున మట్టి గానీ పొట్టు గానీ వేయకండి, శుభ్రం చేయడం కష్టమవుతుంది. కోడిగుడ్ల అట్టలను పడుకోబెట్టకుండా నిలువుగా పేరిస్తే రెట్ట కిందకు రాలిపోతుంది, పురుగులకు దాక్కునే చోటూ పెరుగుతుంది. మేతగా కోడిపిల్లల స్టార్టర్ దాణాను మెత్తగా చేసి చిన్న మూతలో పెట్టండి. నీటికి బదులు క్యారెట్ లేదా గుమ్మడి ముక్క, తడిపి పిండిన దూది చాలు. వాటిని రోజు విడిచి రోజు మార్చాలి. మిగిలిన ఆకుకూరను ఏ పూటకు ఆ పూట తీసేయాలి. డబ్బా పెట్టిన బల్ల కాళ్ల కింద నీళ్ల పళ్లేలు పెట్టడం మన పెద్దలు చీమలకు చేసిన ఉపాయమే, ఇక్కడా అదే చేయండి. చీమల చాక్‌పీసు, దోమల కాయిల్, ప్లగ్గుకు పెట్టే దోమల మందు ఆ గదిలో వాడవద్దు. అవన్నీ పైరిత్రాయిడ్ మందులే. వాటికి కీచురాయి, సాలీడు అనే తేడా లేదు.

గుడ్లు పెట్టించడం తేలికే. వెనుక సూదిలాంటి పొడవాటి గొట్టం ఉన్నది ఆడది. కొబ్బరిపొట్టు, ఇసుక సమంగా కలిపి, పిడికిట నొక్కితే నీరు కారనంత తడితో ఒక చిన్న డబ్బీలో మూడు నాలుగు సెంటీమీటర్ల లోతున నింపి రెండు రోజులు లోపల ఉంచండి. ఆడవి గొట్టం గుచ్చి గుడ్లు పెడతాయి. ఆ తరువాత డబ్బీని తీసి వేరే డబ్బాలో పెట్టాలి, లేకపోతే పెద్దవే తవ్వి తినేస్తాయి. 30 డిగ్రీల దగ్గర పది పన్నెండు రోజుల్లో చీమల్లాంటి పిల్లలు వస్తాయి, ఆరు నుంచి ఎనిమిది వారాల్లో పెద్దవవుతాయి. మగవి రాత్రంతా అరుస్తాయి కనుక పడకగది పక్కన మాత్రం పెట్టవద్దు.

తవుడులో కనబడుతున్న సన్నటి ఎర్ర పురుగులు మీల్‌వార్మ్ పిల్లలు కావు. అవి మూడు నాలుగు మిల్లీమీటర్లుండే ఎర్ర పిండి పురుగులు, మీ ఇంట్లో గోధుమపిండికీ రవ్వకూ పట్టేవే. మీల్‌వార్మ్ ఎదిగితే వచ్చే పెంకు పురుగు దీనికి నాలుగింతలు పొడవుంటుంది, ముదిరాక నల్లబడుతుంది. తవుడుతోనే లోపలికి వచ్చి ఉంటాయి. బియ్యపు తవుడులో నూనె ఎక్కువ కాబట్టి త్వరగా కనరెక్కుతుంది కూడా. దాన్ని మాని గోధుమ పొట్టు వాడండి. పొట్టును ముందుగా దోరగా వేయించి చల్లార్చాకే వేయాలి. పాత తవుడును జల్లించి పెద్ద పురుగులను ఏరి ఉంచుకొని, మిగిలినదాన్ని కోళ్లకు వేయండి. ఈ డబ్బాను విత్తనాలు, ధాన్యం నిల్వ చేసిన గదిలో ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకండి. సాలీళ్ల మేత కోసం పడిన శ్రమ విత్తనాల గదికి ముప్పు తేకూడదు కదా. మండు వేసవిలో మీల్‌వార్మ్‌లు సరిగా ఎదగవు. మీ అవసరానికి కీచురాళ్లు ఒక్కటే చాలునని నా అభిప్రాయం.

పత్తి చేలో మిడతలను పట్టి వేయడం మానుకోండి. పత్తి విత్తనానికి పట్టించే ఇమిడాక్లోప్రిడ్ మొదలుకొని కాయతొలుచు పురుగులకు కొట్టే మందుల వరకు ఏదో ఒకటి ఆ మిడత ఒంట్లో ఉండే అవకాశం ఉంది. మిడతను చంపని మోతాదు దాన్ని తిన్న సాలీడును చంపవచ్చు. మీరు కొట్టకపోయినా పక్క చేనువారు కొట్టి ఉండవచ్చు. ఇంట్లో బొద్దింకలకూ ఇదే వర్తిస్తుంది. కీచురాళ్లకు వేసే తోటకూర కూడా మందు తగలని పెరటిదై ఉండాలి.

మీ రెండు సాలీళ్ల అవసరం ఎంతో చూడండి. పెద్ద టారంటులాకు వారం పది రోజులకు ఒక కీచురాయి చాలు, అంటే నెలకు మొత్తం పది లోపే. పది ఆడవాటిని, నాలుగు మగవాటిని మించి ఉంచుకుంటే మిగిలేవన్నీ నాటుకోళ్ల పాలే. కీచురాయి సాలీడు పొట్ట కంటే పెద్దదిగా ఉండకూడదు. వేసే ముందు రోజు దానికి కడుపునిండా క్యారెట్, దాణా పెడితే ఆ బలం సాలీడుకు చేరుతుంది. పెంపుడు బల్లుల మేత మీద చల్లినట్లు కాల్షియం పొడి అక్కరలేదు, సాలీడుకు ఎముకలు లేవు. తినకపోతే కీచురాయిని మరుసటి రోజుకల్లా తీసేయండి. కుబుసం విడిచే ముందు టారంటులా వారాల తరబడి మేత ముట్టదు. అది వెల్లకిలా పడి ఉంటే చచ్చిందని కదిలించవద్దు. ఆ సమయంలో లోపల ఉన్న ఆకలి కీచురాయి సాలీడునే కొరుకుతుంది. కుబుసం విడిచాక కోరలు మళ్లీ నల్లబడే వరకు, సుమారు పది రోజులు, మేత వేయకూడదు. నీళ్ల మూత మాత్రం ఉండాలి. ఎర్రమోకాళ్ల రకం బెదిరితే పొట్ట మీది నూగును కాళ్లతో రాల్చి విసురుతుంది, అది కంట్లో పడితే ప్రమాదం కనుక డబ్బా మీదకు ముఖం వంచకండి.

నీలి సాలీడు మాటకు వస్తే, దాన్ని 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త గుత్తిలో దొరికిన ఒక్క నమూనాతో వర్ణించాడు. తరువాత వందేళ్లకు పైగా అడవిలో అది ఎవరికీ కనబడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో మళ్లీ దొరికింది. దాని ప్రధాన సహజ నివాసంగా తెలిసింది మీ దగ్గరి ఆ అడవి ముక్కే. అది ముదురు చెట్ల తొర్రల్లో ఉంటుంది. చెట్టు పోతే అదీ పోతుంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దాన్ని అంతరించే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాబితాలో చేర్చింది, 2019లో ఆ ప్రజాతి మొత్తాన్నీ వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో చేర్చారు. కాబట్టి దాన్ని పట్టే ఆలోచనే వద్దు. మీ అబ్బాయి దగ్గరున్న మెక్సికో రకమూ సైటిస్ జాబితాలోదే. అలాంటి జంతువులను పెంచేవారు 2024 నాటి నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ 2.0 పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. కొన్నప్పుడు ఇచ్చిన బిల్లు ఉందో లేదో చూసి, సెలవులు పూర్తయ్యేలోగా ఆ దరఖాస్తు పెట్టించండి.