జట్టు కొంటున్న మేనల్లుడికి

చిరంజీవి బాబీకి,

అత్తయ్య ఆశీస్సులు. కంపెనీ అమ్మిన డబ్బుతో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో జట్టు కొంటున్నావని, కొనే బృందానికి నువ్వే పెద్దవని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. సంతోషంతో నోట మాట రాలేదు. ఫోన్ పెట్టేశాక మాత్రం టెన్షన్ పట్టుకుంది.

మంచి లాయరును పెట్టుకో. లీగ్ ఓనర్లలో నాలుగింట మూడొంతుల మంది ఒప్పుకుంటేనే అమ్మకం చెల్లుతుంది, అందాకా ఎక్కడా నోరు జారకు. ఇల్లు మాత్రం తాకట్టు పెట్టావంటే ఊరుకోను.

నా భయమంతా కోచ్ విషయంలో. 2013లో టిబ్కో అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ స్థాపకుడు వివేక్ రణదివే బృందం శాక్రమెంటో కింగ్స్‌ను కొన్నప్పుడు నేను ఆ ఊళ్లోనే ఉన్నాను. జట్టును సియాటిల్‌కు తరలించాలని చూసినవాళ్లలో మైక్రోసాఫ్ట్ స్టీవ్ బామర్ కూడా ఉన్నాడు. ఓనర్లు 22-8 ఓట్లతో కుదరదన్నారు. జట్టు దక్కిందని ఊరంతా పండగ చేసుకుంది. ముంబైలో పుట్టినవాడు ఓనరయ్యాడని మనవాళ్ల ఇళ్లలో ఒకటే మురిపెం.

మరుసటి ఏడాది సీజన్ బాగానే మొదలైంది. మొదటి ఆరు మ్యాచ్‌ల్లో ఐదు గెలిచారు. ఇంతలో ప్రధాన ఆటగాడు డెమార్కస్ కజిన్స్‌కు వైరల్ మెనింజైటిస్ వచ్చింది. అతను లేక ఓటములు పెరిగాయి. 24 మ్యాచ్‌లకు 11 గెలుపులు ఉండగా, డిసెంబర్‌లో కోచ్ మైక్ మలోన్‌ను తీసేశారు. ఆట ఇంకా వేగంగా ఉండాలన్నది యాజమాన్యం కోరిక. కజిన్స్ తిరిగొచ్చేదాకా ఆగి ఉంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ అనిపిస్తుంది నాకు. తాత్కాలిక కోచ్ వచ్చాడు, ఫిబ్రవరికల్లా ఇంకొకాయన వచ్చాడు, 2016లో ఆయన్నీ పంపేశారు. కొత్త కోచ్ వచ్చిన ప్రతిసారీ కుర్రాళ్లు ఆట మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి కదా. ఆ జట్టు ప్లేఆఫ్స్ ముఖం చూసింది 2023లో, 16 సీజన్ల తర్వాత. అదే ఏడాది మలోన్ డెన్వర్ జట్టుకు టైటిల్ గెలిపించాడు. స్టేడియంలో పక్క సీటు పెద్దాయన ఆవు మెడలో గంట లాంటిది తెచ్చి మోగించేవాడు, అక్కడి అభిమానుల అలవాటది. ఓడిపోయే రోజుల్లోనూ ఆయన రావడం మానలేదు.

సాఫ్ట్‌వేర్‌లో తప్పు జరిగితే రాత్రికి రాత్రి సరిచేసి పొద్దున్నే విడుదల చేసేవాడివి. ఇక్కడ అది పనికిరాదు. పైగా ఓడుతున్నా జట్టు ధర పెరుగుతూనే ఉంటుంది. మార్క్ క్యూబన్ 2000లో 28.5 కోట్ల డాలర్లకు కొన్న డల్లాస్ జట్టులో సింహభాగం 2023 చివర్లో అమ్మినప్పుడు విలువ దాదాపు 350 కోట్ల డాలర్లు. ఆ లెక్క చూసుకుని "నేను చేసేదంతా కరెక్టే" అని నువ్వు అనుకునే ప్రమాదం ఉంది. అంకెలు నిన్ను మందలించవు, నాన్నా.

చిన్నప్పుడు క్యారమ్స్‌లో ఓడిపోతున్నావంటే బోర్డు ఎత్తి పడేసేవాడివి. కాయిన్లన్నీ మంచాల కింద వెతికి తెచ్చేది నేనే. ఆ తొందర నీలో ఇంకా ఉందేమోనని ఇంత రాస్తున్నాను. అయితే అదే చెయ్యి, కోపం దిగాక నా చేతిలో కాయిన్లు తీసుకుని "ఇంకో ఆట ఆడదాం అత్తయ్యా" అనేది. అందుకే నీ మీద నమ్మకం.

మొదటి సీజన్ పూర్తయ్యేదాకా కోచ్‌ను కదపకు. రెండు ఓటములు పడిన రాత్రి ఎవరికీ మెసేజ్ పెట్టకుండా నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా సరే. మొదటి హోమ్ మ్యాచ్‌కి నాకు మీ పక్కన సీటు వద్దు, పై వరసల్లో టికెట్ తీసిపెట్టు. అక్కడి జనం ఏమనుకుంటున్నారో విని నీకు చెప్తాను.

మీ అత్తయ్య